కుబ్జకో న్యాయం, బాహుకుడికో న్యాయం

వేటపాలెం సారస్వత నికేతనంలో గాంధీగారి చేతికర్ర ఒకటి భద్రంగా ఉంది. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో 1918లో మొదలైన ఆ గ్రంథాలయ భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది గాంధీగారే. మగ్గాలకూ జీడిపప్పుకూ పేరుపడ్డ ఆ చిన్న ఊరికి నలుమూలల నుంచీ పరిశోధకులు వెళ్లేది అక్కడి పాత పుస్తకాల కోసం, పత్రికల సంపుటాల కోసం. తెలుగు చారిత్రక నవల పాఠకులను సంపాదించుకున్నది అలాంటి సంపుటాల్లోనే. కోటలు, దండయాత్రలు, రాకుమార్తెలు, విరహాలు, ఏళ్ల తరవాతి కలయికలు అందులో కొల్లలు. ఊతకర్ర పట్టుకుని నడిచే నాయిక మాత్రం మనం పేరుపెట్టి చెప్పుకునే నవలల్లో ఎదురుపడదు. మహాత్ముడి చేతిలో పూజ్యమైన కర్ర నాయిక చేతికి వచ్చేసరికి కథకు ఎందుకు అడ్డమైంది? గతకాలంలో నడిచే కథ, ఒకసారి చేజారిన ప్రేమ మళ్లీ దక్కడం, అంగవైకల్యం ఉన్న నాయిక: ఈ మూడూ విడివిడిగా మన సాహిత్యానికి కొత్తవి కావు. మూడూ ఒకచోట కలవడమే అరుదు. ఆ అరుదు వెనక ఒక పద్ధతి ఉందని నేననుకుంటున్నాను. మగవాడి శరీరం వంకరపోయినా మన కథలు అతన్ని ప్రేమకు అర్హుడిగానే చూశాయి. ఆడదాని శరీరం వంకరపోతే ముందు దాన్ని సరిచేశాయి, ప్రేమను ఆ తరవాతే అనుమతించాయి. రెండో అవకాశం కథలో మారాల్సింది ఆమె ఒళ్లు కాదనీ, ఆమెను మొదటిసారి పోగొట్టుకున్నవాడి చూపనీ ఈ సమీక్షలో చూపించాలని నా ప్రయత్నం.

చేజారిన ప్రేమ తిరిగి దక్కే కథకు మన అలంకారశాస్త్రంలో చోటు పెద్దదే. శృంగారం రెండు ముఖాలుగా ఉంటుందన్నారు: విప్రలంభం, సంభోగం. విడిపోవడం లేని ప్రేమకు రుచి లేదని లాక్షణికులు దాదాపు ఒక్క గొంతుతో చెప్పారు. అష్టవిధ నాయికల్లో కలహాంతరిత అనే ఆమెను చూడండి. అలిగి, తిట్టి, ప్రియుణ్ణి పంపేసి, ఆ తరవాత కుమిలిపోతుంది. ఇవాళ రెండో అవకాశం కథలుగా అమ్ముడుపోతున్న వాటిలో సగం ఈ ఒక్క నాయిక మీదే నడుస్తాయి. ప్రవాసంలో ఉన్న భర్తకోసం ఎదురుచూసే ప్రోషితభర్తృక మిగతా సగం పంచుకుంటుంది. ఇక్కడ గమనించదగింది ఇంకొకటి ఉంది. ఆ ఎనిమిది పేర్లూ ఆమె శరీరానికి పెట్టినవి కావు. ఎదురుచూడటం, అలగడం, మోసపోవడం, ప్రియుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరడం వంటి స్థితులకు పెట్టినవి. చూపులేని స్త్రీ ఆ ఎనిమిదింటిలో దేనికీ అనర్హురాలు కాదు. శాస్త్రం వేసిన చట్రంలో ఆమెకు చోటుంది. రూపయౌవనాలు తప్పనిసరి అని పక్కన ఇంకో షరతు పెట్టి ఆ చోటును మూసేసింది కావ్యరచనలో పాతుకుపోయిన అలవాటు. ఈ తేడా ముఖ్యం. సంప్రదాయమే ఒప్పుకోదు అనే మాట వచ్చినప్పుడు, సంప్రదాయంలో ఏ భాగం ఒప్పుకోదని అడగాలి.

పునస్సమాగమ కథల్లో మనకున్న మేటి ఉదాహరణ నలోపాఖ్యానం. శ్రీనాథుడి శృంగారనైషధం హర్షుడి కావ్యాన్ని అనుసరించి పెళ్లి ముచ్చట్లతోనే ముగిసిపోతుంది. అసలైన రెండో అంకం, అంటే జూదం, అడవి, వియోగం, మళ్లీ కలవడం, నన్నయ అరణ్యపర్వంలో ఉంది. కర్కోటకుడి కాటుతో నలుడి రూపం పోయింది. పొట్టి చేతులతో, వికృతమైన ఒంటితో బాహుకుడనే పేర అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతూ, వంట చేస్తూ బతుకుతున్నాడు. దమయంతి రెండో స్వయంవరమని కబురు పంపించింది ఆ సారథిని రప్పించడానికే. వచ్చినవాడు నలుడు అవునో కాదో తేల్చుకోవడానికి ఆమె చేసిన పరీక్షలను దగ్గర నుంచి చూడాలి. కేశిని అనే చెలిని పంపి అతని నడవడి గమనించమంది. అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది. పిల్లలిద్దర్నీ అతని ముందుకు పంపింది. వాళ్లను ఒళ్లోకి తీసుకుని అతను ఏడ్చాడు. ఈ పరీక్షల్లో కంటికి కనిపించే రూపానికి ఏ విలువా లేదు. నాలుక మీది రుచి సాక్ష్యం చెప్పింది, కన్నీళ్లు సాక్ష్యం చెప్పాయి. కర్కోటకుడిచ్చిన వస్త్రం కప్పుకుని అతను పాత రూపానికి వచ్చేది అంతా అయ్యాకనే. అప్పటికే ఆమె అతన్ని గుర్తుపట్టింది. వికృతమైన శరీరం లోపల మనిషిని గుర్తుపట్టగలగడమే ప్రేమ అని ఈ కథ చెబుతోంది. చెప్పింది మాత్రం ఒక స్త్రీ గురించి, మగవాడి శరీరాన్ని అడ్డంపెట్టుకుని.

ఇదే వ్యవహారం తలకిందులైతే ఏమవుతుందో చూడటానికి భాగవతం దశమస్కంధం తీయాలి. మథుర వీధిలో కృష్ణుడికి ఎదురుపడిన త్రివక్ర, అంటే కుబ్జ, మూడుచోట్ల ఒంగిన మనిషి. కంసుడికి మైపూతలు కలిపే పని ఆమెది. ఆ పనిలో నేర్పరి. ఎవరివమ్మా ఈ గంధం అని అడిగితే ఆమె సిగ్గుపడలేదు, తప్పుకోలేదు. తన పనితనం గురించి చెప్పుకుని, రాజుకోసం కలిపింది కృష్ణబలరాములకు ఇచ్చింది. ఇంతవరకు ఆమె ఏ నాయికకూ తీసిపోని నాయిక. తరవాత కృష్ణుడు ఆమె పాదాల మీద తన పాదం ఆనించి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తి ఒంటిని నిటారు చేశాడు. అప్పుడే ఆమెకు ఉత్తరీయం కొంగు పట్టి లాగి ఇంటికి రమ్మనే ధైర్యం వచ్చింది. పని ముగించుకుని వస్తానని ఆయన మాటిచ్చాడు. కంసవధ అయ్యాక ఉద్ధవుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి మాట నిలబెట్టుకున్నాడు. ఇది కూడా రెండో కలయికే, మాట తప్పని నాయకుడున్న కథే. భక్తి దృష్టితో చదివితే ఆ నిటారు కావడం మోక్షానికి సంకేతం కావచ్చు, దాన్ని కాదనాల్సిన పనిలేదు. అయితే శృంగారకథగా మన చెవుల్లో నిలిచిపోయిన క్రమం వేరు: ముందు చికిత్స, తరవాత ఆహ్వానం. గంధం కలపడంలో ఆమె నేర్పు కలయికకు సరిపోలేదు. బాహుకుడి వంట మాత్రం సరిపోయింది.

ఒక్క జంటను చూసి సిద్ధాంతం చెయ్యకూడదంటారా, మిగతావాళ్లను కూడా వరసగా నిలబెట్టండి. ఋగ్వేద ఋషిక ఘోష చర్మవ్యాధితో పుట్టింట ముసలిదవుతుంటే అశ్వినులు కరుణించాక పెళ్లయిందని సంప్రదాయం చెబుతుంది. సుకన్య మాత్రం కళ్లు పోయిన ముసలి చ్యవనుణ్ణి ముందే కట్టుకుంది, ఆయనకు యౌవనం తరవాత వచ్చింది. ధృతరాష్ట్రుడికి చూపులేదని గాంధారి తన కళ్లకే గంత కట్టుకుంది. చూపులేని భార్యకోసం కళ్లు కట్టుకున్న రాజు కథ మనకు లేదు. దీన్ని మన దేశపు దోషంగా మాత్రమే చూస్తే పొరపాటు. 1847లో వచ్చిన ‘జేన్ ఐర్’లో రోచెస్టర్ అగ్నిప్రమాదంలో చూపూ ఒక చెయ్యీ పోగొట్టుకున్నాక జేన్ తిరిగొచ్చి అతన్ని పెళ్లాడింది. రెండో అవకాశం కథల్లో ఇంగ్లిషు పాఠకులు ఎక్కువగా తలుచుకునేది జేన్ ఆస్టిన్ ‘పర్‌స్వేషన్’. అందులో ఎనిమిదేళ్ల తరవాత ప్రేమ దక్కేది నాయిక ఆన్‌కు. వాతపు జబ్బుతో కాళ్లు పడిపోయి చిన్న గదిలో ఉండే ఆమె స్నేహితురాలు మిసెస్ స్మిత్ వితంతువు, వయసులో ఉన్నదే. కథను మలుపు తిప్పే రహస్యం ఆమె చేతిలో ఉంది, ప్రేమకథ మాత్రం ఆమె గడప తొక్కదు. కుంటివాడు, గుడ్డివాడు నాయకుడు కావచ్చు. ఆ స్థితిలో ఉన్న ఆడది కబురు మోసే చెలికత్తె, లేదా మంథర. భాషలు మారినా పాత్రల పంపకం మారలేదు.

చారిత్రక నవల పుట్టుక తెలిసినవాళ్లకు ఇది మరీ వింతగా తోస్తుంది. ఆ ప్రక్రియకు ఐరోపాలో ఊపిరి పోసిన వాల్టర్ స్కాట్ పసితనంలోనే జబ్బుచేసి కుడికాలు చచ్చుబడినవాడు. తెలుగులో ఆ బాట వేసినవారిలో ముందువరస చిలకమర్తి లక్ష్మీనరసింహంగారిది. 1890లలో చింతామణి పత్రిక పోటీల నాటి ‘హేమలత’ ఆయనదే, ఆంధ్రా స్కాట్ అనే పేరూ ఆయనదే. రేచీకటితో మొదలై క్రమంగా చూపు పోగొట్టుకున్నా, చెప్పి రాయిస్తూ సాహిత్యం సాగించారాయన. ఒక కుంటివాడు, ఒక చూపులేనివాడు పునాది వేసిన ఇంట్లోకి అలాంటి నాయికకే ప్రవేశం లేకుండా పోయింది. స్కాట్ 1823 నాటి ‘పెవరిల్ ఆఫ్ ది పీక్’లో ఫెనెల్లా అనే చెవిటి, మూగ పిల్లను సృష్టించాడు గాని, చివరికి ఆమె అదంతా నటించిందని తేల్చేశాడు. మన దగ్గర రేపల్లెలో వకీలుగా ఉంటూ నోరి నరసింహశాస్త్రిగారు ‘నారాయణభట్టు’ నుంచి ‘ధూర్జటి’ వరకు కవుల కాలాలను ఒక్కొక్కటే నవలలుగా కట్టారు. చరిత్రను ఆ స్థాయిలో శ్రద్ధగా పట్టించుకున్న పరంపరలో సైతం రాజ్యం, మతం, కవిత్వం ఏలాయి గాని, దెబ్బతిన్న దేహం కథావస్తువు కాలేదు. దానికి కాస్త దగ్గరగా వెళ్లింది అడివి బాపిరాజు ‘హిమబిందు’. శాతవాహనుల కాలంలో పెట్టిన ఆ కథలో విషకన్యగా పెంచిన అమ్మాయి ఉంది. ప్రేమించినవాణ్ణి తాకితే వాడు చచ్చిపోతాడనే భయం ఆమె ఒంటిలోనే ఉంది. ఇది వైకల్యం కాకపోయినా, శరీరమే ప్రేమకు ఎదురుతిరిగితే ఎలా ఉంటుందో ఊహించగల శక్తి మన చారిత్రక నవలకు ఉందనడానికి నిదర్శనం. ఆ ఊహ విషకన్య దాకా వెళ్లి, అమ్మవారు పోసి కన్ను పోయిన మామూలు పిల్ల దాకా రాలేదు.

రెండో అవకాశం విషయంలో మన చారిత్రక ప్రేమకథలు రెండు దారులు తొక్కాయి. ఒక దారి ‘మల్లీశ్వరి’ది. 1951లో బి.ఎన్. రెడ్డి తీసిన ఆ సినిమాలో రాయలకాలపు బావామరదళ్లను విడదీసింది తల్లి ధనాశ, రాణివాసపు గోడలు. కలిపింది రాజు దయ. రెండో దారి ‘ఏకవీర’ది. నాయకరాజుల మధురలో, ఒకరు ప్రేమించినవారిని ఇంకొకరు తెలియక పెళ్లాడిన ఇద్దరు మిత్రుల కథను విశ్వనాథ సత్యనారాయణ రెండో అవకాశమే లేని విషాదంగా ముగించారు. ఈ రెండింటిలోనూ అడ్డు బయటే ఉంది: గోడ, ధర్మం, విధి. వైకల్యం ఉన్న నాయిక వస్తే అడ్డు ఎక్కడుందనే ప్రశ్న ఇబ్బందిగా మారుతుంది. అది ఆమె ఒంట్లో ఉందా, చూసేవాడిలో ఉందా అని రచయిత తేల్చుకోక తప్పదు. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి మన సినిమా ఒక తెలివైన ఉపాయం పట్టింది, వైకల్యాన్ని ఉపమానంగా మార్చేసింది. 1964 నాటి ‘మూగమనసులు’లో మూగవాళ్లెవరూ లేరు, చెప్పుకోలేని ప్రేమ ఉంది. దానికి రెండో అవకాశం మరుజన్మలో దొరుకుతుంది. మూగప్రేమ, గుడ్డిప్రేమ, కుంటిసాకు అని రోజూ వాడే భాషకు నిజంగా మూగ అయిన అమ్మాయి ప్రేమించినప్పుడు వేరే మాట మిగలదు.

ఉపమానం దాటి నిజం మనిషిని తెరమీదికి తెచ్చిన సందర్భాలు లేకపోలేదు. 1962లో ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మంచి మనసులు’లో షావుకారు జానకి చూపులేని భార్య. భర్త అక్కినేని ఆమెను హంపీకి తీసుకెళ్లి, రాళ్లమీది శిల్పాలను పాటలో వర్ణించి చెబుతాడు. తెలుగు ప్రేక్షకుడి మనసులో చరిత్రా, చూపులేని నాయికా ఒకే చట్రంలో నిలిచిన ఘట్టం బహుశా అదే. నిజంగా అందమైనదే. అయినా అక్కడి ఏర్పాటు చూడండి. చరిత్ర ఆయన కళ్లలో ఉంది, ఆయన గొంతులోంచి ఆమెకు అందుతోంది. హంపీలో చరిత్ర ఉన్నది రాతిలో. రాయి కంటికి ఎంత దొరుకుతుందో వేళ్లకూ అంత దొరుకుతుంది. ఉలి ఆగినచోట గరుకు, జనం తాకి తాకి నున్నబడినచోట నునుపు, ఎండ పడిన వైపు వేడి చేతికి తెలుస్తాయి. ఆ వేళ్లు చెప్పే హంపీ ఎలా ఉంటుందో పాట అడగలేదు. రేపల్లెకు దగ్గరి పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ ఒక అడుగు ముందుకు వేశారు. 1976 నాటి ‘సిరిసిరిమువ్వ’లో మాటలేని నాయికకు నృత్యం భాష అయింది. 1986లో ‘సిరివెన్నెల’ చూపులేని వేణుగాన విద్వాంసుణ్ణీ మాటలేని చిత్రకారిణినీ ఎదురెదురుగా నిలిపింది. ఆమె చేసే సైగ ఆయనకు కనిపించదు, ఆయన అడిగినదానికి ఆమె నోటితో బదులు చెప్పలేదు. ఇద్దరికీ కొత్త దారి కావాలి. రెండు సినిమాలూ వర్తమానంలో నడిచేవే, చారిత్రకాలు కావు. కాని ప్రేమంటే ఇద్దరూ కలిసి ఒక భాష కనిపెట్టుకోవడం అనే ఊహ ఈ నేల మీద పుట్టిందేనని అవి రుజువు చేస్తున్నాయి.

బయటి ప్రపంచంలో ఈ మూడు షరతులూ కలిసిన రచనలు ఇటీవలి దశాబ్దాల్లో బాగానే పెరిగాయి. వాటి మంచిచెడ్డలు మనకు పాఠం. వెనకటి తరంలో విల్కీ కాలిన్స్ 1872లో రాసిన ‘పూర్ మిస్ ఫించ్’ సాహసమనే చెప్పాలి. అందులో చూపులేని లూసిల్లాకు శస్త్రచికిత్సతో చూపొస్తుంది, దాంతోపాటే ప్రేమలో మోసమూ గందరగోళమూ వస్తాయి. మళ్లీ చూపు పోయాక తనవాణ్ణి పోల్చుకుని సుఖపడుతుంది. చికిత్సే సుఖాంతం అనే సూత్రాన్ని తిరగరాసిన నవల అది. జార్జెట్ హేయర్ 1934లో రాసిన ‘ది కన్వీనియంట్ మ్యారేజ్’ నాయిక నత్తిగా మాట్లాడుతుంది. నత్తితోనే వరుడితో పెళ్లి బేరం నడుపుతుంది, చివరిదాకా నత్తి నత్తిగానే ఉంటుంది. మేరీ బేలోగ్ 1997లో రాసిన ‘సైలెంట్ మెలొడీ’ మన విషయానికి అచ్చంగా సరిపోతుంది. చెవులు వినపడని ఎమిలీని వదిలి ఇండియాకు పోయిన ఆష్లీ ఏడేళ్లకు తిరిగి వస్తాడు. అతన్ని అడ్డుపెట్టుకుని కథ అడిగేది ఒక్కటే: ఆమె చెప్పేది అతను వినగలడా? లీసా క్లేపాస్ ‘అగెయిన్ ది మ్యాజిక్’లో ప్రమాదంలో కాలిన కాళ్లను దాచుకుని ఆలీన్ పాత ప్రియుణ్ణి దూరం పెడుతుంది. ఈ చివరిదానిలో ఒక బలహీనత ఉంది. మచ్చ ఒక రహస్యమై, రహస్యం విప్పడమే పతాకసన్నివేశమైంది. ఒంటిని ఉత్కంఠగా వాడుకునే అలవాటు ఇంకా పోలేదు. అయినా ఈ నవలల్లో చాలావరకు మారేది నాయకుడే, నాయిక దేహం కాదు.

ఇదంతా అరువు తెచ్చుకోవాల్సిన సరుకని ఎవరైనా అంటే, పింగళి సూరన గుర్తుకు రావాలి. ‘కళాపూర్ణోదయం’లో సుగాత్రి, శాలీనుల కథకు సొంతంగా ఒక నవలకు సరిపడా బిగువు ఉంది. పెళ్లయింది. నగలన్నీ పెట్టి, సింగారించి, గదిలోకి పంపితే శాలీనుడు ఆమెను తాకను కూడా లేదు. ఒకసారి, రెండుసార్లు, ఎన్నిసార్లయినా అంతే. ఆ తరవాత నగలు తీసేసి అతనితో కలిసి తోటపనిలో చెమటోడ్చినప్పుడు అతని మనసు ఆమె మీదికి పోయింది. పోయిందనుకున్న కాపురం నిలబడింది. సుగాత్రికి వైకల్యం లేదు, ఆ మాట నిజమే. కథ ముడి మాత్రం మనకు కావలసిందే. మొదటిసారి కలయిక చెడింది ఆమె శరీరంలో లోపం వల్ల కాదు. సమాజం అందమని పేర్చిపెట్టింది అతనికీ ఆమెకూ మధ్య తెరలా నిలబడింది. రెండోసారి కుదిరింది పని చేస్తున్న ఒంటిని అతను చూడగలిగాడు గనక. అలంకారం మీద నడిచే కావ్యయుగం నడిమధ్యలో ఒక కవి ఇంత మాట అన్నాడు. ఆ దారిలో ఇంకొక్క అడుగు వేస్తే గంధం కలిపే త్రివక్ర తన నడుము వంపుతోనే నాయిక అవుతుంది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది చరిత్రకారుడిది: ఆ రోజుల్లో అలాంటి పిల్లకు పెళ్లే కాదు, ఇంకా రెండో ప్రేమ ఎక్కడిది, ఇది నేటి కోరికను నిన్నటి మీద రుద్దడం కాదా అంటాడు. దీనికి జవాబు చరిత్రలోనే ఉంది. మనుస్మృతి అంగలోపం ఉన్న కన్యను చేసుకోవద్దంటుంది. పిల్లకున్న దోషాన్ని ముందే చెప్పి పెళ్లిచేసిన తండ్రికి దండన లేదని కూడా అదే అంటుంది. దోషం చెప్పి చేసిన పెళ్లిళ్లు లేకపోతే ఆ రెండో నియమం ఎందుకు? మశూచి 1970ల దాకా ఈ దేశాన్ని వదల్లేదు, 1975లో గాని ఆఖరి కేసు కనపడలేదు. అంతకుముందు శతాబ్దాల పాటు ప్రతి ఊళ్లోనూ అమ్మవారు మిగిల్చిన మచ్చలు, పోయిన కళ్లు ఉండేవి. కోటలోనూ ఉండేవి, పేటలోనూ ఉండేవి. ఆ ముఖాలు లేని చారిత్రక నవలే చరిత్రకు దూరమైనది. గుడ్డి, చెవిటి, మూగవాళ్లకు వారసత్వం లేదన్న శాస్త్రనియమాన్ని తొలగించడానికి 1928లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉంటే రెండోవారు విడాకులు కోరవచ్చన్న నిబంధన 2019 దాకా హిందూ వివాహ చట్టంలో ఉంది. అడ్డంకి ఇంత గట్టిగా ఉందంటే, దాన్ని దాటాలనుకున్నవాళ్లూ ఉన్నారనే అర్థం. రెండో అవకాశానికైతే మన పల్లెల్లో పేరే ఉంది: మారుమనువు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగంగారు వితంతు వివాహం జరిపించి సంచలనం సృష్టించడానికి ఎంతో ముందు నుంచే ఎన్నో కులాల్లో అది మామూలు ఆచారం. పెద్ద కులాల పద్ధతిని మొత్తం తెలుగు చరిత్రగా తీసుకున్నప్పుడే ఈ కథ అసాధ్యంగా కనిపిస్తుంది.

రెండో అభ్యంతరం మానవీయమైనది. జబ్బు తగ్గాలని, చూపు రావాలని కోరుకోవడం తప్పా? కథ ఆ కోరిక తీరిస్తే ఎవరికి నష్టం? కోరిక తప్పు కాదు, వైద్యం చేయించుకునే పాత్రను రాయడమూ తప్పు కాదు. నా అభ్యంతరం వైద్యాన్ని ప్రేమకు ప్రవేశరుసుముగా పెట్టడం మీద. నలుడి రూపం తిరిగి రావడం కథకు వెలితి కలిగించదు, ఎందుకంటే గుర్తింపు ముందే జరిగిపోయింది. కుబ్జకూ ఆ క్రమం ఇస్తే చాలు, ఆ తరవాత నిటారు అయినా కాకపోయినా ఒకటే. మూడో అభ్యంతరం ఇంకో వైపు నుంచి వస్తుంది: ఇలాంటి నాయికను రాయబోతే జాలి కథో, ఆదర్శ కథో అవుతుంది, ఆమెను చేసుకున్నవాడికి త్యాగమూర్తి బిరుదు దక్కుతుంది, రాయకపోవడమే మర్యాద అని. ఈ భయం నిరాధారం కాదు. తెరమీద వికలాంగులను హాస్యానికో జాలికో వాడుకోవద్దని, వాళ్ల జీవితాన్ని వాళ్లను సంప్రదించి చూపాలని సుప్రీంకోర్టు 2024 జులైలో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చిందంటే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుంది. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని పేర్లు మార్చుకుంటూ వచ్చాం. పేరు మారినంత తేలిగ్గా పాత్ర మారలేదు. త్యాగకథ భయానికి మందు నా దృష్టిలో రెండో అవకాశం కథే. ఎందుకంటే ఆ కథలో నాయకుడు అప్పటికే ఒకసారి తప్పు చేసినవాడు. తప్పు చేసి తిరిగొచ్చినవాడు ఉద్ధారకుడి వేషం వెయ్యలేడు, గుమ్మం బయట నిలబడి అడగాలి. ఒప్పుకోవడమో, పొమ్మనడమో ఆమె చేతిలో ఉంటుంది. పొమ్మనే హక్కు లేని నాయికకు దక్కేది అవకాశం అనిపించుకోదు, దయ అనిపించుకుంటుంది.

ఆ కథకు రంగస్థలం కోసం కోటలు వెతుక్కోనక్కరలేదు. వేటపాలేనికి పక్కనే ఉంది. 1921లో మునిసిపాలిటీ పన్నులకు ఎదురుతిరిగిన చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు మీద ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. అంతమంది నడిచి వెళ్లినప్పుడు నడవలేనివాళ్లు ఎలా వెళ్లారు, ఎవరి భుజం మీద, ఏ బండిలో, లేక ఖాళీ అయిన వీధిలో ఎవరితో మిగిలారు? చారిత్రక నవలాకారుడు అడగాల్సిన ప్రశ్న ఇది. ఆ ప్రాంతపు నేత ఇంట్లో చూపులేని ఆడమనిషి కూర్చుని తినే మనిషి కాదు. గుంట మగ్గం మీద కూర్చోకపోయినా రాట్నం తిప్పి కండెలు చుట్టగలదు. పోగు తెగితే రాట్నం తేలికయి వేళ్లకు తెలిసిపోతుంది, తడిమి కొస పట్టుకుని ముడివేస్తుంది. పాకలు వేసే హడావిడిలో ఆమెను వదిలేసి వెళ్లినవాడు, ఉద్యమం చల్లారి జనం ఇళ్లకు తిరిగొచ్చాక ఆ గుమ్మంలో నిలబడ్డాడనుకుందాం. ఆమెకు అతను అడుగుల చప్పుడులో తెలుస్తాడు, దమయంతికి వంట రుచిలో నలుడు తెలిసినట్టు. అతనికి ఆమె తెలియాలంటే కండె చుడుతున్న ఆ వేళ్లను మొదటిసారి చూడాలి. చూడగలిగితే కథ ముందుకు సాగుతుంది. లేకపోతే ఆమె రాట్నం ఆపకుండానే తలుపు వేసుకోమంటుంది. ఈ రెండు ముగింపుల్లో దేనికీ ఆమెకు కళ్లు రానక్కరలేదు. అలాంటి నవల వచ్చి ఆ గ్రంథాలయం అలమరలో చేరిన రోజున, గాంధీగారి కర్రకు ఇంకో కర్ర తోడవుతుంది. ఆ రెండోది నాయికది, గోడకు ఆనించి ఉంటుంది, అవసరమైనప్పుడు తీసుకుని నడవడానికి.